ముందు మాటలు, ఆ తర్వాతే మంద

ఒంగోలు చుట్టుపక్కల గిత్తను కొనేవాడు ముందు దాని నోరు తెరిపించి చూస్తాడు. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగా, ఆరా అన్నది తేలాకే ధర మాట. తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు విభాగాలు కూడా ఆ పళ్ల లెక్కమీదే కడతారు. మూపురం, గంగడోలు, గిట్ట, తోక కుచ్చు, ఒక్కోదానికి ఒక్కో మాట, ఒక్కో మాట వెనక ఒక్కో ధర. చదలవాడ పశుక్షేత్రం వైపు పుట్టి పెరిగిన కుర్రాడికి ఇవేవీ పుస్తకంలో చదివి నేర్చుకోవాల్సిన పని లేదు. అదే కుర్రాడు బాతులు పెంచుదామనుకున్న రోజున ఫోన్ తీసి అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "జత ఎంత?"

ఆ ప్రశ్నకు అవతలివాడు చెప్పేది అక్షరాలా నిజమే కావచ్చు. అయినా మీరు నష్టపోతారు.

ధైర్యం చేస్తే చాలు, దారి అదే దొరుకుతుందని చెప్పే పుస్తకాలు రైల్వే స్టేషన్ బుక్‌స్టాళ్ల నిండా ఉన్నాయి. జీవాల పెంపకానికి ఆ సలహా పనికిరాదని నా అభిప్రాయం. ధైర్యం చేసి రెండొందల పిల్లల్ని దింపుకున్నవాడికి మూడో రాత్రి కావలసింది ధైర్యం కాదు, బల్బు ఎంత ఎత్తులో వేలాడదీయాలన్న సంగతి. కొత్త పనిలోకి దిగేవాడి మొదటి పెట్టుబడి ఆ పనివాళ్ల మాటలే. మాట తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది. ఎలాగంటారా, ఇలాంటి ఫోన్ ఒకటి ఊహించుకోండి.

"అన్నా, బాతు పిల్లలున్నాయా?"

"ఉన్నాయి. ఎన్ని కావాలి?"

"ఒక రెండొందలు."

"ఎల్లుండి బస్సుకేస్తా. అడ్వాన్సు కొట్టు."

ఇప్పుడు అదే మనిషికి, నాలుగు మాటలు తెలిసినవాడు ఫోన్ చేస్తాడు.

"పిల్లలు రోజువా, బ్రూడింగ్ అయినవా?"

"రోజువే."

"ఆడ, మగ వేరు చేసినవా? కలిపే ఇస్తారా?"

అవతల కాస్త నిశ్శబ్దం. "కలిపేనండీ."

"తల్లి మందకు ప్లేగు టీకా ఎప్పుడు వేశారు?"

"కనుక్కుని చెబుతానండీ."

'కొట్టు' కాస్తా 'అండీ' అయింది. బేరం అక్కడే సగం తేలింది. ఆ మాటలే ఈ అధ్యాయం.

మూడు పక్షులు, ఒక పేరు

మన వాడుకలో బాతు అంటే మూడు వేర్వేరు పక్షులు. మొదటిది మామూలు బాతు. నాటు బాతు, ఖాకీ క్యాంప్‌బెల్, ఇండియన్ రన్నర్, వైట్ పెకిన్ అన్నీ దీని కిందికే వస్తాయి; అన్నిటికీ మూలం మల్లార్డ్ అనే అడవి బాతు. రెండోది మస్కోవీ. ముఖం మీద ఎర్రటి కండకాయలుంటాయి, బాతులా అరవదు, బుసకొడుతుంది. ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన వేరే జాతి. మూడోది పెద్దబాతు. పొడుగు మెడ, గడ్డి మేత, మనిషిని చూస్తే మీదికొచ్చే తత్వం. దీన్ని హంసబాతని చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు.

పొదిగే రోజులే వేరు. కోడిగుడ్డుకు 21 రోజులైతే మామూలు బాతు గుడ్డుకు 28, పెద్దబాతుకు సుమారు 30, మస్కోవీకి 33 నుంచి 35. ఈ లెక్క తెలియక 30వ రోజున మస్కోవీ గుడ్లు మురిగిపోయాయని పారేస్తే పోయేది ప్రాణమున్న పిల్లలే. ఇంకో చిక్కు ఉంది. మస్కోవీ పోతును మామూలు బాతుతో జతకడితే పుట్టే పిల్లలు మాంసానికి భేషుగ్గా ఉంటాయి గానీ, వాటికి సంతానం కలగదు. మందను పెంచుకుంటూ పోదామని కొన్నవాడికి అది తెలిసేసరికి ఏడాది గడిచిపోతుంది.

కోళ్లలో పుంజు, పెట్ట దూరం నుంచే తెలుస్తాయి. నాటు బాతుల్లో, తెల్లబాతుల్లో అంత సులువు కాదు. పెరిగిన మగబాతు తోక మీద రెండు మూడు ఈకలు ఉంగరం చుట్టినట్టు పైకి మెలిక తిరిగి ఉంటాయి. అవి ఈకలు రాల్చే కాలంలో రాలిపోవచ్చు, ఎవరైనా పీకేయనూ వచ్చు. గొంతును మాత్రం దాచలేరు. పట్టుకుని చంకలో పెట్టుకోండి. ఊరంతా వినబడేలా అరిచిందా, అది ఆడది. జలుబు చేసినట్టు బొంగురుగా గొణిగిందా, మగది. ఎనిమిది పది వారాలు దాటిన బాతులకు ఈ పరీక్ష బాగా పనిచేస్తుంది.

గుడ్లు అమ్ముకోవడమే పనైతే అసలు మగబాతు అక్కర్లేదు, అది లేకపోయినా గుడ్డు వస్తుంది. పిల్లలు కావాలంటే గుడ్ల జాతుల్లో ఆరేడు ఆడబాతులకు ఒక మగబాతు, బరువు జాతుల్లో నాలుగైదుకు ఒకటి సరిపోతుంది. అంతకు మించితే మేత దండగ, పైగా ఆడబాతుల వీపులు పుండ్లు పడతాయి.

జాతుల పేర్ల మీద ఎక్కువసేపు ఆగను. ఖాకీ క్యాంప్‌బెల్ గుడ్లకు. బాగా చూసుకుంటే ఏడాదికి 300 దాకా పెడుతుంది. 19వ శతాబ్దం చివర ఇంగ్లండులో అడెల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ రన్నర్ రక్తం కలిపి తీసిన జాతి అది. ఇండియన్ రన్నర్ పేరులో ఇండియా ఉన్నా ఇండోనేషియా దీవులది. వైట్ పెకిన్ మాంసానికి; ఏడు వారాలకు రెండు కిలోలు దాటుతుంది. ఎవరైనా ఖాకీ అన్నప్పుడు ఈక రంగు చూసి తృప్తిపడకండి, తల్లి మంద ఎక్కడిదో అడగండి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ బాతు జాతులను పోషిస్తుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ కోళ్ల పరిశోధన సంస్థకు భువనేశ్వర్‌లో ఉన్న ప్రాంతీయ కేంద్రం కూడా బాతుల మీద పనిచేస్తుంది. నాటు బాతుతో కలిసిపోయిన ఖాకీ రంగు బాతు మీ లెక్కలో సగం గుడ్లు కూడా పెట్టకపోవచ్చు.

రోజు పిల్ల నుంచి ముదురు బాతు దాకా

రోజు పిల్ల అంటే గుడ్డు పగిలి ఒకటి రెండు రోజులైనది. కడుపులో మిగిలిన పచ్చసొన బలంతో ప్రయాణం తట్టుకుంటుంది కాబట్టే దాన్ని అట్టపెట్టెలో పెట్టి బస్సుకేయగలుగుతున్నారు. ఆడ, మగ వేరు చేయడమంటే తోక కింద ద్వారాన్ని వేళ్లతో నొక్కి చూసి చెప్పే నేర్పు. అది చేయనివి కలిపిన పిల్లలు. కలిపిన పిల్ల ధర నలభై రూపాయలని అనుకుందాం. అందులో సగం మగవే అయినప్పుడు గుడ్లకు పనికొచ్చే ఒక్కో ఆడపిల్ల మీకు పడింది ఎనభైకి. మగవాటిని అమ్మే దాకా పెట్టిన మేత, మధ్యలో పోయినవి దాని మీద వేసుకోవాలి. చవక పిల్లలని సంబరపడేవాళ్లలో ఈ కూడిక వేసుకునేవాళ్లు తక్కువ.

బ్రూడింగ్ అయిన పిల్ల అంటే మూడు నాలుగు వారాలు వెచ్చటి చోట ఉండి, ఇక బల్బు లేకుండా బతకగలిగేది. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే కొనమని. ధర ఎక్కువే, కానీ చావులు ఎక్కువగా ఆ మూడు నాలుగు వారాల్లోనే ఉంటాయి. ఆ నష్టం అమ్మేవాడే భరించి ఉంటాడు.

గుడ్డుకొచ్చిన బాతు అంటే నాలుగున్నర, ఐదు నెలలది. ఇవాళ కొంటే రేపట్నుంచి గుడ్లే అన్న ఆశతో దీన్ని కొంటారు. చోటు మారితే బాతు గుడ్డు ఆపేస్తుందన్న సంగతి ఎవరూ ముందు చెప్పరు. లారీ ప్రయాణం, కొత్త నీళ్లు, కొత్త మనుషులు, కొత్త కుక్క, ఇన్నిటికీ అలవాటుపడే దాకా వారాల తరబడి మేత ఖర్చే తప్ప రాబడి ఉండదు. కొన్ని వారాల మేత డబ్బు పక్కన పెట్టుకునే కొనాలి.

ముదురు బాతు చివరిది. ఈకలు రాల్చడం అనే మాట ఇక్కడ తెలియాలి. బాతు ఏడాదికోసారి పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటుంది, ఆ కాలంలో గుడ్డు మానేస్తుంది. చూడ్డానికి రోగిష్టిదానిలా ఉంటుంది. వయసు మళ్లి గుడ్డు ఆగిన బాతునూ, ఈకలు రాలుస్తూ గుడ్డు ఆపిన లేత బాతునూ ఒకే ధరకు వదిలించుకునేవాళ్లు ఉంటారు. వయసు పట్టగలిగినవాడికి అది మంచి బేరం.

పిల్లకు నీళ్లు: తాగడానికా, ఈదడానికా

బాతు పిల్ల అనగానే నీళ్లలో వదలాలనిపిస్తుంది. అక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

బాతు తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకోవడం వల్లనే ఒళ్లు తడవదు. తల్లి కింద పెరిగిన పిల్లకు తల్లి ఈకల నూనె అంటుతుంది. బల్బు కింద పెరిగినదానికి, కోడి పొదిగినదానికి ఆ భాగ్యం లేదు. దాని నూగు నీళ్లను పీల్చుకుంటుంది, వణుకుతుంది, రాత్రికి చచ్చిపోతుంది. ఈకలు వచ్చే దాకా, అంటే మూడు నాలుగు వారాల దాకా ఈత వద్దు.

కానీ తాగే నీళ్లు మాత్రం లోతుగా ఉండాలి. బాతు తిన్నప్పుడల్లా ముక్కు ముంచి ముక్కురంధ్రాలు కడుక్కుంటుంది, కళ్లు తడుపుకుంటుంది. కోడిపిల్లల పళ్లెం పెడితే మేత ముక్కుకు అట్టకట్టి ఊపిరాడదు. అందుకని ముక్కు మునిగేంత లోతు, ఒళ్లు దిగలేనంత ఇరుకు, ఈ రెండూ ఉన్న గిన్నె కావాలి. రెండు మూడు అంగుళాల లోతు చాలు. గిన్నె మధ్యలో ఒక రాయి పెట్టి, చుట్టూ ఉన్న సందులో నుంచి తాగనిచ్చే ఉపాయం ఖర్చులేనిది. మేత ఉన్నంతసేపూ నీళ్లు ఉండాలి, నీళ్లు అయిపోతే మేత కూడా తీసేయాలి. పొడి మేత గొంతుకు అడ్డంపడి పోయే పిల్లలు లెక్కలేనన్ని.

బ్రూడింగ్‌లో మొదటి వారం 30 నుంచి 32 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ పోవాలని పుస్తకాలు చెబుతాయి. థర్మామీటర్ కంటే పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీదొకటి ఎక్కుతుంటే చలి. గోడ వారకు పారిపోయి నోళ్లు తెరిస్తే వేడి. చెల్లాచెదురుగా పడుకుని నిద్రపోతుంటే మీరూ వెళ్లి పడుకోవచ్చు. మన ఒంగోలులో వేసవి పగలు బల్బు అక్కర్లేదు, రోహిణి కార్తెలో అయితే బాతు పిల్లలను బతికించేది నీడే. తెల్లవారుజామున మాత్రం ఒకసారి లేచి చూడాలి.

పెరిగిన బాతుకు చెరువే ఉండాలా అంటే, అక్కర్లేదు. షెడ్డు వెంట అడుగున్నర వెడల్పు, అర అడుగు లోతు కాలువ కట్టి రోజూ నీళ్లు మారిస్తే తల ముంచుకోవడానికి సరిపోతుంది. చెరువు లేదన్న కారణంతో ఆగిపోయేవాళ్లు కొందరైతే, చెరువుంది కదా అని మేత సంగతి మరిచేవాళ్లు ఇంకొందరు. రెండోవాళ్ల నష్టమే ఎక్కువ.

చెక్క కొనేటప్పుడు

మన ప్రాంతంలో బాతులు పెంచేవాడు కంఠతా పట్టాల్సిన మాట ఒకటే ఉందంటే, అది అఫ్లాటాక్సిన్. పేరు నోరు తిరక్కపోయినా ఫర్వాలేదు, బూజు విషం అనుకోండి.

1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు లక్షకు పైగా కొన్ని నెలల్లో చచ్చిపోయాయి. ఏ క్రిమీ దొరకలేదు. చివరికి తేలిందేమంటే బ్రెజిల్ నుంచి దిగుమతి చేసుకున్న వేరుశనగ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే బూజు పట్టి, దాని నుంచి విషం పుట్టింది. ఆ చెక్క తిన్న బాతు పిల్లలూ పోయాయి. అంతే కాదు, బాతు పిల్ల కాలేయం ఈ విషానికి ఎంత త్వరగా లొంగుతుందంటే, ఏదైనా మేతలో విషముందో లేదో తేల్చడానికి శాస్త్రవేత్తలు కొంతకాలం రోజు బాతు పిల్లలకే తినిపించి చూసేవాళ్లు. కోడి తట్టుకునే మోతాదు బాతును చంపుతుంది. మీ పక్కింటి కోళ్లు తిని బాగానే ఉన్న చెక్క మీ బాతులకు బాగుంటుందని నమ్మకం లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

వేరుశనగ, మొక్కజొన్న, మిరప, మూడూ ఈ బూజుకు ఇష్టమైనవే. మూడూ మన చుట్టూ పండేవే. కళ్లంలో కాయ మీద వాన పడితే చాలు. గానుగాడించిన తర్వాత గోతం గోడకు ఆనించి ఉంచినా పట్టుకుంటుంది. పైకి పచ్చగా బూజు కనిపించకపోయినా లోపల ఉండొచ్చు. ఉడకబెడితే పోతుందనేది ఉత్త మాట; ఈ విషం వంట వేడికి చెక్కుచెదరదు. కాబట్టి నా సలహా ఏమిటంటే, బాతు మేతలో వేరుశనగ చెక్క అసలు వద్దు. మొక్కజొన్న వేసేటట్టయితే ఎండిన కొత్త గింజ మాత్రమే. మాంసకృత్తులకు సోయా చెక్క ఉంది. కొత్తపట్నం, వాడరేవు తీరాల్లో ఎండుచేప దొరుకుతుంది. అదీ ఉప్పు పట్టనిదే కొనాలి, ఉప్పు ఎక్కువైతే బాతు తట్టుకోలేదు. పిండి కోసం నూకలు, తవుడు. తవుడు కూడా మర నుంచి వచ్చిన తాజాది, నిలవుంటే ముక్కిపోతుంది.

పత్తి గింజల చెక్క సంగతి వేరు. గేదెలకు పెట్టే చెక్క మిగిలిందని బాతులకు వేస్తారు. అందులో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. గుడ్లు పెట్టే పక్షులకు అది వెళ్తే పచ్చసొన ముదురాకు రంగుకు తిరుగుతుంది, నిలవున్న గుడ్లలో మరీను. తెల్లసొన గులాబీ రంగుకు మారే సందర్భాలూ ఉన్నాయి, దానికి ఆ గింజ నూనెలోని కొవ్వులు కారణం. గుడ్డు పగలగొట్టిన హోటలువాడు రెండోసారి మీ దగ్గర కొనడు.

ఇక మిరప. పక్షులకు మిరప కారం తెలియదు. ఆ మంట పట్టే ఏర్పాటు వాటి నోట్లో లేదు. కాబట్టి మిరప కళ్లంలో బాతులు దిగితే గింజలు హాయిగా ఏరుకు తింటాయి. భయం కారంతో కాదు, కాయ మీది మందుతో. పురుగుమందు కొట్టిన మిరప, పత్తి చేల గట్ల మీదికి మందను తోలొద్దు.

తడి మేత అనే మాటతో ఈ భాగం ముగిద్దాం. పొడిపిండి బాతు గొంతు దిగదు, అందుకే నీళ్లు చిలకరించి ముద్దగా కలుపుతారు, లేదా గుళికల మేత కొంటారు. తడిపిన మేత మన ఎండకు గంటల్లో పులుస్తుంది. ఒక పూటకు తినేంతే కలపాలి, మిగిలింది తీసి పారేసి తొట్టి కడగాలి. గుడ్డు పెట్టే బాతుకు రోజుకు 120 నుంచి 150 గ్రాముల మేత లెక్క వేసుకోండి. వంద బాతులకు పెద్ద లెక్కన రోజుకు 15 కిలోలు, నెలకు తొమ్మిది యాభై కిలోల బస్తాలు. కాగితం మీద ఈ అంకె రాసుకున్న తర్వాత కూడా ఉత్సాహం మిగిలితే పిల్లల్ని కొనొచ్చు.

గుడ్డు లెక్కలు

బాతు తెల్లవారుజామున గుడ్డు పెడుతుంది. తొమ్మిదింటికల్లా దాదాపు అన్నీ పెట్టేస్తాయి. అంతకుముందే తలుపు తీస్తే గుడ్లు కాలువలోనూ పొలంలోనూ పడతాయి. 'పెట్టట్లేదు' అని వాపోయే కొందరి కష్టం తలుపు తీసే వేళలో ఉంటుంది.

శాతం అనే మాట దగ్గర జాగ్రత్త. వంద బాతులతో మొదలుపెట్టాడు, పది చచ్చిపోయాయి, ఇవాళ 63 గుడ్లు వచ్చాయి. ఉన్న తొంభైలో లెక్కిస్తే 70 శాతం. మొదట దింపిన వందలో లెక్కిస్తే 63. అమ్మేవాడు మొదటిది చెబుతాడు, అబద్ధం కాదు. మీ డబ్బు తిరిగొచ్చే లెక్క రెండోది. ఎవరైనా శాతం చెప్పగానే "ఎన్నింటిలో?" అని అడగండి.

నాటు బాతుకైనా ఖాకీకైనా పొదగాలన్న ధ్యాస తక్కువ. అందుకని ఊళ్లలో పొదుగు మీదున్న కోడి కింద బాతు గుడ్లు పెడతారు. గుడ్డు పెద్దది కాబట్టి తొమ్మిది పది కంటే ఎక్కువ పట్టవు, కోడి వాటిని సరిగా తిప్పలేదు, మనమే చేత్తో తిప్పాలి. చివరి రోజుల్లో గోరువెచ్చని నీళ్లు చిలకరించాలి. ఏడో రోజు చీకటి గదిలో టార్చి ముందు పెట్టి చూడటాన్ని దీపం పరీక్ష అనుకోండి. నడుమ చుక్క, దాని నుంచి సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల పడింది. ఏమీ లేకుండా తేటగా ఉంటే అది ఉత్త గుడ్డు. నరాలు తెగి ఎర్రటి ఉంగరంలా మిగిలితే పిల్ల లోపలే పోయింది. దాన్ని అలాగే ఉంచితే మురిగి పగులుతుంది. మస్కోవీ మాత్రం తన గుడ్లు తనే పొదుగుతుంది. ఇతర బాతు గుడ్లు కూడా దాని కింద పెట్టొచ్చు.

మందతో తిరిగేవాళ్లు

ఇవన్నీ షెడ్డు బాతుల మాటలు. మన జిల్లాల్లో బాతులతో అసలు నేర్పు ఉన్నది షెడ్డు లేనివాళ్లకు. వరి కోతలు కాగానే వందలు, వేల బాతుల మందలతో కాలువల కింద ఊరూరూ తిరిగే కుటుంబాలున్నాయి. కృష్ణా పశ్చిమ డెల్టా చివర కొమ్మమూరు కాలువ కింద, సాగర్ కుడి కాలువ ఆయకట్టులో, నెల్లూరు మాగాణుల్లో వీళ్లు కనిపిస్తారు. చేతిలో పొడుగాటి కర్ర, రాత్రికి గట్టు మీద వల కట్టి మందను లోపలికి తోలడం, తెల్లారి అదే వలలో గుడ్లు ఏరడం. రాలిన గింజ, నత్తలు, పురుగులు బాతుకు మేత. బాతు రెట్ట పొలానికి ఎరువు.

వాళ్లు రైతును అడిగే మొదటి మాట గమనించండి. "మినుము చల్లారా?" డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడ్డ పైరులో మినుము చల్లుతారు. కోత అయ్యేసరికి మొలకలు వస్తుంటాయి. ఆ మడిలో మంద దిగితే తగాదా ఖాయం. రెండో ప్రశ్న, ఆఖరిసారి మందు ఎప్పుడు కొట్టారు? మూడోది నీళ్ల గురించి. ఈ మూడూ అడగని కొత్తవాడు అద్దె లారీలో మందను దింపి, సాయంత్రానికి అదే లారీ వెతుక్కుంటాడు. మీ ఊరి కాలువ గట్టున ఇలాంటి మంద దిగితే ఒక పూట వాళ్ల పక్కన కూర్చోండి. ఏ శిక్షణ శిబిరమూ నేర్పని మాటలు అక్కడ దొరుకుతాయి. కూర్చునే ముందు మాత్రం మీ ఇంట్లో పక్షులున్నాయా లేవా చూసుకోండి, కారణం తర్వాతి భాగంలో ఉంది.

జబ్బుల పేర్లు నాలుగు

బాతు గట్టి పక్షి, జబ్బులు రావన్నది సగమే నిజం. కోళ్లను పట్టే కొన్ని జబ్బులు దానికి రావు గానీ దానికంటూ ప్రత్యేకంగా ఉన్నవి వస్తే మంద మిగలదు. బాతు ప్లేగు వైరస్ జబ్బు, మందు లేదు, టీకా ఉంది. ఎనిమిది నుంచి పన్నెండు వారాల మధ్య వేయిస్తారు. బాతు కలరా సూక్ష్మజీవి వల్ల వచ్చేది, దానికీ టీకా ఉంది. టీకా కావాలంటే మంద దిగాక కాదు, దిగకముందే పశువైద్యశాలలో అడిగి ఉంచుకోవాలి. మూడోది మెడవాలు జబ్బు. వేసవిలో కుళ్లిన నీటిమడుగుల్లో, చచ్చిన జంతువుల దగ్గర ఒక విషం పుడుతుంది. అది తిన్న బాతు మెడ నిలబెట్టలేక వేలాడేస్తుంది. చచ్చినదాన్ని వెంటనే తీసి పాతడం, మురుగు మడుగులోకి పోనివ్వకపోవడం తప్ప పెద్ద వైద్యం లేదు.

నాలుగోది బర్డ్ ఫ్లూ. బాతుల్లో కొన్నిసార్లు ఈ వైరస్ ఏ లక్షణమూ చూపించకుండా ఉంటుంది. బాతు హాయిగా ఈదుతుంటుంది, దాని రెట్ట తొక్కిన చెప్పులతో మీరు వెళ్లిన కోళ్ల షెడ్డు ఖాళీ అవుతుంది. 2014లో కేరళ ఆలప్పుళ, కోట్టయం ప్రాంతాల్లో బాతు మందల్లోనే అది బయటపడింది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో కోళ్లకు వచ్చింది. కోళ్లూ బాతులూ ఒకే షెడ్డులో వద్దు, ఒకే చెప్పులతో రెండు చోట్లా తిరగొద్దు.

పెద్దబాతు ఎందుకు

చివరికి మిగిలింది పెద్దబాతు. గుడ్ల కోసం దీన్ని కొంటే నిరాశే, మామూలు బాతుతో పోలిస్తే చాలా తక్కువ పెడుతుంది, అవీ ఒక కాలంలోనే. ముక్కు మొదట్లో బొడిపె ఉంటే చాలావరకు చైనా జాతి, తెల్లగా బరువుగా బొడిపె లేకుండా ఉంటే ఎక్కువగా ఎంబ్డెన్. ఇరవై ఏళ్ల దాకా బతకగలదు. ప్రధానమైన మేత పచ్చగడ్డి. గడ్డి లేని చోట గింజలే పోసి పెంచితే పిల్లల రెక్క చివర బయటికి తిరిగిపోతుంది, దాన్ని వంకర రెక్క అనవచ్చు, ముదిరాక సరిచేయలేం.

అమెరికా పత్తి రైతులు గత శతాబ్దం మధ్యలో వీటిని కలుపు తీయడానికి చేలల్లో వదిలేవాళ్లు. పెద్దబాతు గడ్డిజాతి కలుపును మేస్తుంది, పత్తి ఆకు జోలికి పోదు. కూలి ఖర్చు చూసి విసిగిపోయిన మన పత్తి రైతుకు ఇది వినగానే చెవులు నిక్కబొడుచుకుంటాయని తెలుసు. కానీ మందుల పిచికారీ ఎక్కువగా ఉన్న చేనుకు ఆ పద్ధతి పనికిరాదు. మన పత్తిలో రెండు పిచికారీల మధ్య దొరికే వ్యవధిలో పెద్దబాతును దింపడమంటే దాన్ని చంపుకోవడమే. మామిడి, కొబ్బరి, నిమ్మ తోటల్లో గడ్డి తగ్గించడానికి అయితే, కలుపుమందు కొట్టని తోట చూసుకుని, నాలుగైదింటితో మొదలుపెట్టొచ్చు. ఒక పోతుకు మూడు నాలుగు ఆడవి. జత కుదరడానికి నెలలు పడుతుంది, కుదిరిన జతను విడదీస్తే గుడ్లు పెట్టకపోవచ్చు.

కాపలాకు కూడా పెంచుతారు. రాత్రి గేటు దగ్గర అలికిడైతే కుక్క కంటే ముందు ఇదే లేస్తుంది. పాలవాడు, పేపరు కుర్రాడు, చుట్టం, దొంగ అన్న తేడా మాత్రం దానికి ఉండదు. ఒంగోలు లాంటి ఊళ్లో ఇళ్ల మధ్య పెంచుదామనుకుంటే, కొనేముందు ఇటుపక్క, అటుపక్క ఇళ్లవాళ్లతో ఒక మాట అనుకోండి.